పట్టుకు హద్దు

సంక్రాంతి వచ్చిన, ఉదయగిరి, ఆత్మకూరు సీమల పల్లెలలో చెడుగుడు బరులు గీయుదురు. కూతకు వచ్చినవానిని నలుగురు ఒడిసిపట్టి పడవేసినపుడు చూపరులు ఈలలు వేయుదురు. ఆ సందడిలో మోకాలు మెలిపడినవాని మూలుగు వినబడదు.

కబడ్డీ నిబంధనలు ఈ యపాయము నెఱిగి వ్రాసినవే. గోళ్లు కత్తిరించుకొనవలెను, నగలు ధరింపరాదు. కూతకు వచ్చినవాని నోరు మూయుట, గొంతు నొక్కుట, కాళ్లతో కత్తెరపట్టు వేయుట, గాయపడునట్లు మోటుగా పట్టుట తప్పులు. పసుపుకార్డు చూపినచో 2 నిమిషములు బరి విడువవలెను.

అమెరికా ఫుట్‌బాలులో బంతిని చేతబట్టి పరుగిడువానిని పడగొట్టుట ప్రధానము. 1905లో ఆటగాండ్రు పెక్కురు మరణింపగా అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు కళాశాలల ప్రతినిధులను పిలిపించి మాటాడెను. 1906లో నియమములు మాఱెను. 2018 నుండి అచ్చటి వృత్తి క్రీడలో తల వంచి శిరస్త్రాణముతో ఢీకొట్టుట తప్పు. శిరస్త్రాణము పుఱ్ఱెను కాచును గాని లోని మెదడు అదరుటను ఆపజాలదు.

ఇన్ని నియమములు వచ్చినను ఆ యాట వన్నె తగ్గలేదు. కావున శ్రోతలారా, మీ యూర పోటీ పెట్టునపుడు నిబంధనలు ముందుగా చదివి వినిపింపుడు. బరిలోని రాళ్లు ఏరివేయుడు. తలకు దెబ్బ తగిలినవాడు బాగున్నానన్నను, ఆనాడు మరల బరిలోనికి దింపకుడు. పట్టుబడినవాడు పొరుగూరివాడైనను ఒక తల్లి బిడ్డయే.