సోమన చూపిన మనుషులు
(సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



మధ్యయుగాల సాహిత్యం అనగానే మనకు రాజులు, యుద్ధాలు, అంతఃపురాలే గుర్తుకొస్తాయి. బడిలో మనకు నేర్పిన తీరే అది. ఒక్కసారి కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుని బసవపురాణం తెరిచి చూద్దాం. పేరుకు అది 12వ శతాబ్దపు కల్యాణ నగరంలోని బసవేశ్వరుని కథ. కాని ఆ కథలో అల్లిన భక్తులెవరు? బట్టలుతికే మడివాలు మాచయ్య, వేటాడే కన్నప్ప, పాలగిన్నె పట్టుకున్న చిన్నపిల్ల గొడగూచి.

గొడగూచి సంగతే తీసుకుందాం. తండ్రి ఊరికి పోతూ శివునికి పాలు పెట్టమని బిడ్డకు చెప్పిపోతాడు. పిల్ల గిన్నె ముందు పెడుతుంది. దేవుడు తాగడు. ఆ పిల్లకు ముక్తి, మోక్షం ఏం తెలుసు? పాలు అట్లాగే మిగిలితే ఇంట్లో దెబ్బలు పడతాయని తెలుసు. బతిమాలుతుంది, ఏడుస్తుంది, తల పగలగొట్టుకోబోతుంది. శివునికి తాగక తప్పలేదు. తిరిగొచ్చిన తండ్రి నమ్మడు, కొట్టబోతాడు. పిల్ల ఉరికి లింగాన్ని కరుచుకుంటే లింగం ఆమెను తనలోకి తీసుకుంటుంది. మహిమ సంగతి అటుంచండి. దేవుని కన్నా నాయనకే ఎక్కువ భయపడే ఆ పిల్లను మనమంతా ఏదో ఒక ఇంట్లో చూసినోళ్ళమే.

బెజ్జమహాదేవిది ఇంకో తీరు. శివునికి తల్లి లేదని ఆమె దుఃఖం. తల్లి ఉంటే విషం తాగనిచ్చేదా అని ఆమె వాదం. అందుకే తానే తల్లయి నూనె రాసి, నీళ్ళు పోసి, కాటుక పెట్టి, పాలు పడుతుంది. రాజు ఏ గుడికి ఎంత భూమి ఇచ్చిండో శాసనం చెబుతుంది. సంటిపిల్లను ఎట్లా సాకేవాళ్ళో ఏ శాసనం చెబుతుంది? దానికి సోమనే దిక్కు.

మాచయ్య భక్తుల బట్టలే ఉతుకుతానంటాడు. రాజు బిజ్జలుడైనా సరే, లెక్కచేయడు. ఉతికే చెయ్యి రాజును కాదనగలదని ఊహించిన కవి అప్పట్లో ఇంకెవరున్నారు?

అంతా మెచ్చుకోవలసిందే అని మేము అనడం లేదు. ఈ కథల్లో జైనుల మీద ద్వేషం ఉంది, మతం పేరిట హింస ఉంది. దాన్ని దాచి చదివితే ఆ కాలాన్ని సగమే చదివినట్టు.

ఈ మనుషుల కోసమే సోమన ద్విపద పట్టిండు, జాను తెనుగు కావాలన్నడు. పండితులు ద్విపదను చిన్నచూపు చూసిండ్రు. ఆయన మరో కావ్యం పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే జనం, వాళ్ళ పాటలు, ఆటలు, వేషాలు కుప్పలుగా ఉన్నాయి. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడు రాజుల వంశావళులను పక్కనబెట్టి తిండి, బట్ట, ఆటల కోసం ఈ సోమన పుస్తకాలనే తవ్వుకున్నడు. 1955లో తెలుగుకు వచ్చిన మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానికే.

సోమన మావాడని కన్నడిగులూ అంటారు. ఆ తగవు పండితులకు వదిలేద్దాం. ఇంటికి పోయినంక మీ అమ్మమ్మనో నాయనమ్మనో పసిపిల్లకు నీళ్ళు పోసే తీరు అడగండి, ఆమె చెప్పినంతా రాసుకోండి. తర్వాత బెజ్జమహాదేవి కథ పక్కన పెట్టుకొని చదవండి.