పేరు ఒకచోట, నేల ఒకచోట

(ఖమ్మంలో స్త్రీల హక్కుల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

దృశ్య మాధ్యమాలు, స్త్రీలు అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ విషయం మీద మనందరికీ కంఠతా వచ్చిన ప్రసంగం ఒకటుంది. సినిమాలో స్త్రీ ఆటబొమ్మ, సీరియల్లో ఆడదానికి ఆడదే శత్రువు, ప్రకటనల్లో స్త్రీ శరీరమే సరుకు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఇదే మాట ఏళ్ళ తరబడి చెబుతున్నాం, వింటున్నాం, తలలూపి ఇళ్ళకు వెళుతున్నాం. అందుకని ఈరోజు ఆ ప్రసంగం చెయ్యను. మా తరగతి గదిలో జరిగిన ఒక సంగతి, అందులో నేను చేసిన ఒక పొరపాటు మీ ముందు పెడతాను. దాంతో మీ పనికి ఉపయోగం ఉందో లేదో మీరే తేల్చండి.

నేను సామాజిక శాస్త్రం చదువుకున్నదాన్ని. విశ్వవిద్యాలయంలో సినిమా, టెలివిజన్ పాఠ్యాలను పోల్చి విశ్లేషించే కోర్సు ఒకటి చెబుతున్నాను. పాఠ్యం అంటే అచ్చులో ఉన్నదే కానక్కర్లేదు. ఎవరో ఒకరు ఎంచి, కూర్చి, మన ముందు పెట్టిన ప్రతిదీ పాఠ్యమే. దాన్ని చూడటంతో సరిపెట్టకుండా చదవాలి. ఎవరి ముఖం దగ్గరగా కనిపిస్తోంది, ఎవరి గొంతు వినిపిస్తోంది, దేన్ని కోసేశారు అని అడగాలి. అక్కడిదాకా బాగానే ఉంది. ఈ పాఠం చెప్పడానికి నా దగ్గరున్న పనిముట్లు ఎక్కువగా బయటినుంచి వచ్చినవే. లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం హాలీవుడ్ సినిమాలో కెమెరా చూపు మగవాడి చూపుగా ఎలా మారుతుందో చెప్పింది. అంతకు ఏడాది ముందు, 1974లో, రేమండ్ విలియమ్స్ టెలివిజన్‌ను విడివిడి కార్యక్రమాలుగా చూడొద్దు, ఒకదాంట్లోంచి ఒకటి జారిపోయే ప్రవాహంగా చూడమన్నాడు. రెండూ విలువైన మాటలే. అవి పట్టుకుని భద్రాచలం అడవి అంచుకు వెళితే ఏమవుతుందన్నదే నేను చెప్పబోయే కథ.

ఒక ఏడాది పిల్లలకు ఒక పని ఇచ్చాను. ఒకే ప్రాంతాన్ని చూపించే ఒక సినిమానూ, ఒక టీవీ కార్యక్రమాన్నీ తీసుకుని పోల్చండి అన్నాను. ఎక్కువమంది భద్రాచలాన్నే ఎంచుకున్నారు. సినిమా కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’. టీవీ కార్యక్రమం శ్రీరామనవమి నాటి కల్యాణ ప్రత్యక్ష ప్రసారం. 2020లో కరోనా వల్ల భక్తులు లేకుండా కల్యాణం జరిగినప్పుడు జనానికి ఆ ప్రసారమే దిక్కయింది. అందుకని అది మంచి ఎంపికే అనుకున్నాను.

తరగతిలో ఒక కోయ అమ్మాయి ఉంది. ఆ ప్రాంతంలోనే అడవి అంచున ఒక గూడెం వాళ్ళది. ఆమె సినిమాను తీసుకుంది గానీ కల్యాణ ప్రసారాన్ని తీసుకోలేదు. దాని బదులు ఎప్పుడో ఒక వార్తా ఛానల్లో వచ్చిన నలభై సెకన్ల ముక్కను ఫోన్‌లో దాచుకుని, దాన్ని సినిమా పక్కన పెట్టి వ్యాసం రాసింది. పోడు చేలో ట్రెంచి తవ్వడానికి జేసీబీ వచ్చిన రోజు వాళ్ళ గూడెం ఆడవాళ్ళు అడ్డు నిలబడిన దృశ్యం అది. అందులో ఆమె పెద్దమ్మ ఉంది.

నేను ఆ వ్యాసానికి తక్కువ మార్కులు వేశాను. ‘ఇది వార్త. రెండున్నర గంటల సినిమాతో పోల్చడానికి సమాన స్థాయి లేదు’ అని ఎర్ర సిరాతో రాశాను. ఆ అమ్మాయి నా గదికి వచ్చి, కూర్చోకుండానే అడిగింది.

‘‘మేడం, సినిమాలో దమ్మక్క మాటలు ఎవరో రాసినవే గదా. టీవీలో మా పెద్దమ్మను గూడ ఎవరో కోసి అతికించిన్రు. ఒకటి పాఠ్యం, ఇంకోటి కాదా?’’

నా దగ్గర జవాబు లేదు. మార్కులు సరిచేశాను. కానీ సరిచేసుకోవలసింది మార్కులొక్కటే కాదని తర్వాత తెలిసింది.

దమ్మక్క ఎవరో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. దూరం నుంచి వచ్చినవాళ్ళ కోసం చెబుతాను. స్థలపురాణం ప్రకారం పోకల దమ్మక్క అడవిలో ఉండే ఆదివాసీ స్త్రీ. పుట్టలో ఉన్న రాముడి విగ్రహాలు ఆమెకే కనబడ్డాయి. ఆకుల పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టి పూజించింది. ఆ తర్వాతే పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న వచ్చాడు, గుడి కట్టించాడు, గోల్కొండ చెరసాలలో పడ్డాడు, రామదాసు అయ్యాడు. ఈ కథ మీద నాగయ్య 1964లో ఒక సినిమా తీశాడు. 2006 సినిమాలో దమ్మక్కగా సుజాత నటించింది.

మా పిల్లలు ఈ పాత్రను ముందు మల్వీ సిద్ధాంతంతో చదవబోయారు, కుదరలేదు. దమ్మక్కను కెమెరా భోగ్య వస్తువుగా చూడదు. గౌరవంగా, చేతులు జోడించినట్టుగా చూస్తుంది. అప్పుడు ఇక్కడ పితృస్వామ్యం లేదనుకోవాలా? ఉంది, వేరే తీరులో ఉంది. ఆమెకు పేరుంది, ముఖముంది, భక్తి ఉంది. లేనిది పని. ఆమె ఏం పండిస్తుంది, ఏం ఏరుతుంది, తునికాకు కడుతుందా, ఇప్పపువ్వు ఎండబెడుతుందా, ఇవేవీ కథకు అక్కర్లేదు. తన దగ్గరున్నది అప్పగించి ఆమె పక్కకు తప్పుకుంటుంది, కథ గోపన్నది అవుతుంది. దమ్మక్క భక్తిని నేను తక్కువ చేయడం లేదు. ఆ భక్తి చుట్టూ ఉన్న బతుకును ఎవరు చెరిపేశారని అడుగుతున్నాను.

ఇప్పుడు ఆ నలభై సెకన్లు చూద్దాం. గుంపుగా ఆడవాళ్ళు. ఒకామె కొడవలి ఎత్తుతుంది. అదే దృశ్యం మూడుసార్లు తిప్పి తిప్పి వేశారు. కింద ‘గిరిజనుల ఆగ్రహం’ అని పట్టీ. ఆమె కోయలో ఏదో చెబుతోంది, దాని మీద చదివేవాళ్ళ గొంతు వచ్చి పడింది. నలభై సెకన్లయ్యాక ఇంకో వార్త, ఆ తర్వాత సబ్బు ప్రకటన. విలియమ్స్ చెప్పిన ప్రవాహం ఇదే. ఇక్కడ నేల ఉంది, తగాదా ఉంది, పని ఉంది. లేనిది పేరు. ఆ ముక్కలో ఒక్క స్త్రీకీ పేరు లేదు.

రెంటినీ పక్కపక్కన పెడితే గానీ ఈ సంగతి తెలియలేదు. సినిమా ఆదివాసీ స్త్రీకి పేరిచ్చింది, నేల ఇవ్వలేదు. టీవీ నేల మీద నిలబడ్డ ఆమెను చూపించింది, పేరివ్వలేదు. పోల్చి చదవడం వల్ల లాభం ఇదే. ఒక్కో పాఠ్యం తనంతట తాను నిండుగానే కనిపిస్తుంది. రెండోది పక్కన పెట్టినప్పుడే మొదటిదాంట్లో ఉన్న ఖాళీ కనబడుతుంది.

ఈ చూపుతో వెనక్కి వెళితే పాత సినిమాలు కూడా వేరుగా కనిపిస్తాయి. 1977 నాటి ‘అడవి రాముడు’ మనలో చాలామంది ఈలలు వేసి చూసినదే. అందులో మారువేషంలో వచ్చి అడవి జనాన్ని కాపాడే నాయకుడు అటవీ అధికారి. అడవి జనానికి అధికారే దిక్కు అని తెర మీద నేర్చుకున్న మనకు, ఆ అధికారి ఎదురుగా కొడవలితో నిలబడ్డ స్త్రీ టీవీలో కనబడితే ఆమె తప్పు చేస్తున్నట్టే అనిపించడంలో వింత ఏముంది?

తర్వాతి వేసవి సెలవుల్లో ఆ అమ్మాయి నన్ను వాళ్ళ గూడెం తీసుకెళ్ళింది. బడి వరండాలో లాప్‌టాప్ పెట్టి, ఇరవైమంది దాకా ఆడవాళ్ళతో కలిసి సినిమాలో కొంత, ఆ వార్తా ముక్క మొత్తం చూశాం. నేను వివరించబోతుంటే వాళ్ళే మొదలుపెట్టారు. కొడవలి ఎత్తిన దృశ్యం రాగానే ఆ పెద్దమ్మ నవ్వింది. ‘‘కందికోతకు పోయినప్పుడు చేతిల కొడవలిగాక ఏముంటదమ్మా? పొద్దుగాల్నుంచి దండం పెట్టినం. అది సూపియ్యలే.’’

దమ్మక్క కథ దగ్గర ఆమె ఇంకో ప్రశ్న వేసింది. ‘‘దేవుడు దొరికిన పుట్ట ఎవరి చేలో ఉండెనో?’’

చాలా ఏళ్ళుగా ఆ సినిమాను పాఠంగా చెబుతున్నాను. ఈ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు.

మీలో భూమి సమస్య మీద పనిచేసేవాళ్ళకు ఆ ప్రశ్న బరువు తెలుసు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటిని సవరించిన 1970 నాటి 1/70 చట్టం, ఇక్కడి భూమి ఆదివాసేతరుల చేతుల్లోకి పోకూడదంటాయి. ‘శ్రీరామదాసు’ విడుదలైన 2006లోనే, డిసెంబరులో, పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీ కుటుంబానికి ఆ భూమి మీద హక్కు ఉందని చెప్పింది. అందులోని సెక్షన్ 4(4) మనం ప్రతి సమావేశంలోనూ చదివి వినిపించవలసింది. పెళ్ళయినవాళ్ళకు హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉమ్మడిగా ఇవ్వాలి. ఒక్కరే ఇంటిపెద్ద అయితే ఆ ఒక్కరి పేరున ఇవ్వాలి. అంటే సినిమా, టీవీ విడదీసిన పేరునూ నేలనూ ఈ చట్టం ఒకే కాగితం మీద పెట్టింది.

కాగితం మీద పెట్టడం వేరు, చేతికి రావడం వేరు. 2023 జూన్‌లో తెలంగాణలో పోడు పట్టాల పంపిణీ మొదలైనప్పుడు ప్రభుత్వం చెప్పిన లెక్క సుమారు 4 లక్షల ఎకరాలు, లక్షన్నర మంది. ఆ పంపిణీ టీవీలో చూసినప్పుడు నాకు వేదికలూ దండలూ కనబడ్డాయి. ఏ పట్టా మీద ఎవరి పేరుందో దగ్గరగా చూపిన కెమెరా మాత్రం కనబడలేదు.

ఆ పెద్దమ్మ భర్త పోయి చాలా కాలమైంది. చేను ఆమే దున్నిస్తుంది, ఆమే కోస్తుంది. దరఖాస్తు మాత్రం కొడుకు పేరున పెట్టారు. ఎందుకని అడిగితే, రాసినాయన అట్లా రాశాడంది. హక్కు ఇంకా రాలేదు. ఆమె అన్న మాట నా పుస్తకంలో రాసుకున్నాను. ‘‘టీవీల నా మొకం ఉంది. కాయితంల నా పేరు లేదు.’’

ఇక్కడొక సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ దృశ్యం తీసిన విలేకరిని ఆ అమ్మాయి వెతికి పట్టుకుంది. అతను తీసింది నలభై సెకన్లు కాదు, పదకొండు నిమిషాలు. కోసింది ఇంకెక్కడో, ఇంకెవరో. ఆ పదకొండు నిమిషాల్లో పెద్దమ్మ తన పేరు చెప్పింది, తన మామ పేరు చెప్పింది, ఏ ఇప్పచెట్టు నుంచి ఏ గట్టుదాకా తన చేనో వేలుపెట్టి చూపించింది, పక్కన నిలబడ్డ ఇద్దరు ముసలివాళ్ళు అవునన్నారు. అటవీ హక్కుల నియమాల్లో 13వ నియమం గట్లు, చదును చేసిన నేల, పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం, ఇలాంటివన్నీ సాక్ష్యంగా చెబుతుంది. ఎవరిని అడిగి రాయించాలో, ఏ గట్టు చూపించాలో ఆ చిత్రమే చెప్పింది. దాన్ని బట్టి ఆ పెద్దల వాంగ్మూలాలు రాయించారు, ఈసారి ఆమె పేరునే దరఖాస్తు గ్రామసభ ముందుకు వెళ్ళింది. అది ఇంకా తేలలేదు. తేలిందని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను.

మిత్రులారా, మీ సంఘాల్లో ఈ పని చెయ్యడానికి విశ్వవిద్యాలయం అక్కర్లేదు. ఒక సినిమా ముక్క, ఒక వార్త ముక్క చాలు. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి శబ్దం తీసేసి చూడండి. అప్పుడు నాలుగే ప్రశ్నలు అడగండి. పేరు ఎవరికుంది? మాట ఎవరిది వినబడింది? ఎవరి పని కనబడింది? ఈ నేల ఎవరిది? ముందు మీరు మాట్లాడకండి. ఆ పొరపాటు నేను చేశాను. మీ ఊరి ఆడవాళ్ళను ఎవరైనా చిత్రీకరిస్తే, ప్రసారమైన ముక్కతో సరిపెట్టుకోకుండా మొత్తం చిత్రం అడిగి తీసుకుని దాచండి. మాట్లాడే ప్రతి స్త్రీ ముందు తన పేరు, ఊరు, చేను హద్దులు చెప్పి ఆ తర్వాతే మిగతాది చెప్పేలా అలవాటు చెయ్యండి. కోసేవాళ్ళు కోసినా, అసలు చిత్రంలో అది ఉంటుంది.

చివరగా ఒక మాట. అన్ని గూడేల్లోనూ దరఖాస్తులు ఒకసారి తీసి చూడండి. చేను చేసేది ఎవరు, కాగితంలో పేరు ఎవరిది, పక్కపక్కన రాయండి. నాకు తెలిసినంతలో పోల్చి చదవడమంటే అదే. మా తరగతిలో ఇప్పుడు మొదటి పాఠం ఆ నలభై సెకన్లతోనే మొదలవుతుంది. దాన్ని ఆ అమ్మాయి వ్యాసంతో కలిపి చెబుతున్నాను.