ఆధార్ లేని మనిషికి ఆరోగ్య బీమా ఏది?

(2025 ఏప్రిల్‌లో అంబేద్కర్ జయంతి సందర్భంగా ఢిల్లీలోని తెలుగువారు జరుపుకున్న సభలో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



ఢిల్లీకి కొత్తగా వచ్చిన శరణార్థులకు ఆరోగ్య బీమా ఏముంది, వైద్యం ఎక్కడ దొరుకుతుంది అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. జయంతి సభలో ఈ విషయమేంటని మీలో కొందరికి అనిపించవచ్చు. మాట్లాడమన్నప్పుడు నాకూ అలాగే అనిపించింది. కానీ బాబాసాహెబ్ రాసిన ఒక ఉత్తరం చదివాక ఈ విషయం మనదేనని అర్థమైంది. ఆ ఉత్తరం సంగతి తర్వాత చెప్తాను. ముందు ఒక రాత్రి సంగతి వినండి.

నేను ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో నర్సుగా పనిచేస్తున్నాను. సెలవు దొరికినప్పుడు కాలిందీ కుంజ్, మదన్‌పూర్ ఖాదర్ వైపు రోహింగ్యాల బస్తీలకు వెళ్తుంటాను. ఒక రాత్రి అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. మొదటి కాన్పు, నొప్పులు మొదలయ్యాయి, ఆసుపత్రిలో చేర్చుకోవడం లేదు అన్నారు. ఆటోలో వెళ్ళాను. అది పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి, పేరు చెప్పను. చీటీలు రాసే కిటికీ దగ్గర కూర్చున్న అబ్బాయి ఆధార్ అడుగుతున్నాడు. ఆమె భర్త ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు తీసి పెట్టాడు. ఆ అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది చెల్లదన్నాడు. నేను నర్సునని చెప్పినా వినలేదు.

అప్పుడు అక్కడ నేల తుడుస్తున్న సఫాయి కార్మికురాలు నా దగ్గరికొచ్చింది. దీదీ, ఇక్కడ నిలబడితే తెల్లారిపోతుంది, చీటీ తర్వాత చూసుకోవచ్చు, ముందు నేరుగా లేబర్ రూముకి తీసుకెళ్ళండి అని చెప్పి, తనే స్ట్రెచర్ తోసుకుంటూ ముందు నడిచింది. లోపలున్న డాక్టరమ్మ ఏ కార్డూ అడగలేదు. నాలుగు గంటలకు ఆడపిల్ల పుట్టింది.

పొద్దున టీ తాగుతూ ఆ సఫాయి అమ్మతో మాట్లాడాను. వాల్మీకి కులం, కాంట్రాక్టు ఉద్యోగం. నెల నెలా జీతంలో ఈఎస్ఐ కింద కోస్తారట. ఈఎస్ఐ కార్డు మాత్రం కాంట్రాక్టరు ఇంతవరకూ ఇవ్వలేదు. మోకాళ్ళ నొప్పికి బస్తీలో ప్రైవేటు డాక్టరు దగ్గర డబ్బులిచ్చి మందు తెచ్చుకుంటోంది. ఆసుపత్రిని శుభ్రం చేసే మనిషికి ఆసుపత్రి లేదు. అందుకే ఈ రోజు శరణార్థుల బీమా గురించి మాట్లాడుతూ ఆమెను కూడా పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడతాను.

ఇక అసలు విషయం. కొత్తగా వచ్చిన మనిషికి ఢిల్లీలో ఏ దారులున్నాయి?

మొదటిది ఆయుష్మాన్ భారత్. 2018 సెప్టెంబరులో మొదలైంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ఢిల్లీ ఇన్నాళ్ళూ బయటే ఉండి ఈ నెలలోనే చేరింది. ఢిల్లీ ప్రభుత్వం మరో 5 లక్షలు కలుపుతోంది. మంచిదే. కానీ మొదటి నుంచీ ఈ పథకానికి ఆధారం 2011 నాటి సామాజిక ఆర్థిక కుల గణన. ఆ తర్వాత సరిహద్దు దాటి వచ్చిన మనిషి పేరు అందులో ఎలా ఉంటుంది? డెబ్బై ఏళ్ళు దాటిన అందరికీ అని గత ఏడాది విస్తరించినప్పుడు కూడా ఆధార్ తప్పనిసరి చేశారు. కాబట్టి శరణార్థికి ఈ దారి మూసే ఉంది.

రెండోది ప్రైవేటు బీమా. 2023 జనవరి 1 నుంచి ఏ పాలసీ తీసుకోవాలన్నా కేవైసీ ఇవ్వాలి. అంటే మళ్ళీ కాగితాలే. కాగితాలున్నా పాలసీ తీసుకున్న మొదటి 30 రోజుల్లో ప్రమాదాలకు తప్ప మామూలుగా డబ్బులు రావు. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ళ వరకూ ఆగమనవచ్చు. అడవుల్లో నడిచి, పడవల్లో దాటి వచ్చిన మనిషి జబ్బుతోనే వస్తాడు కదా. అతనికి వైద్యం ఈ రోజే కావాలి. మూడేళ్ళ తర్వాత ఇస్తామనే బీమా అతనికి ఎందుకు పనికొస్తుంది?

మూడోది దీర్ఘకాలిక వీసా. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన హిందువులు, సిక్కులు, క్రైస్తవుల వంటి మైనారిటీలకు ఈ వీసా ఉంటే ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా తీసుకోవచ్చని 2016లో కేంద్రం అనుమతించింది. మజ్నూ కా టీలా, ఆదర్శ్ నగర్‌లలో ఉన్న పాకిస్తానీ హిందువులకు ఈ దారి ఉంది. 2024 మేలో ఢిల్లీలో కొందరికి పౌరసత్వ పత్రాలు కూడా ఇచ్చారు. రోహింగ్యాలకు ఈ దారి లేదు. వికాస్‌పురి వైపు ఉన్న బర్మా చిన్ ప్రజలు క్రైస్తవులైనా, వచ్చిన దేశం వేరు కాబట్టి వాళ్ళకూ లేదు. అంటే మందు దొరకాలంటే ముందు ఏ మతంలో పుట్టావో, ఏ దేశం నుంచి వచ్చావో చెప్పాలి. పుట్టుకను బట్టి వాటా పంచే పద్ధతి మనకు బాగా తెలిసినదే.

మరి మిగిలిందేమిటి? ప్రభుత్వ ఆసుపత్రి. బీమా కాకపోయినా పేదవాడికి అసలు బీమా అదే. ఓపీడీ, కాన్పులు, పిల్లల టీకాలు, టీబీ మందులు. ఇవి అందరికీ ఉచితమే. యూఎన్ కార్డు ఉన్నవాళ్ళకు ఆసుపత్రికి తోడు వచ్చి మాట్లాడి పెట్టే స్వచ్ఛంద సంస్థలు కొన్ని ఉన్నాయి. వాళ్ళ నంబరు దగ్గర పెట్టుకోమని నేను బస్తీలో ప్రతి ఇంట్లో చెప్తాను. కార్డు ఫోటో కూడా ఫోనులో దాచుకోమంటాను. ఎందుకంటే 2018 ఏప్రిల్‌లో కాలిందీ కుంజ్ దగ్గర, 2021 జూన్‌లో మదన్‌పూర్ ఖాదర్‌లో గుడిసెలు తగలబడినప్పుడు కార్డులు కూడా కాలిపోయాయి.

ఈ కార్డు, కాగితం గొడవ విదేశీయులకేనా? కాదు. 2023లో మణిపూర్ తగలబడినప్పుడు ఎంతోమంది కట్టుబట్టలతో ఢిల్లీ వచ్చారు. వాళ్ళు ఈ దేశ పౌరులే. కాగితాలు ఇంటితో పాటు కాలిపోతే కిటికీ దగ్గర వాళ్ళూ ఎవరో తెలియని మనుషులే.

2018 అక్టోబరులో దిల్షాద్ గార్డెన్‌లోని గురు తేగ్ బహదూర్ ఆసుపత్రిలో ఢిల్లీ ప్రభుత్వం ఒక సర్క్యులర్ పెట్టింది. ఢిల్లీ ఓటరు కార్డు ఉన్నవాళ్ళకే మందులు, పరీక్షలు, ఎక్కువ పడకలు అంది. ఆ ఊరి పక్కనే ఘజియాబాద్, లోనీ. అక్కడి నుంచి వచ్చే కూలీల్లో ఎక్కువమంది ఎవరు? మనవాళ్ళే. అదృష్టవశాత్తూ రెండు వారాలు తిరక్కుండానే ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నేను చెప్పేది ఇదే. శరణార్థిని వెనక్కి పంపడానికి కట్టిన గేటు ముందు రేపు వలస కూలీ నిలబడతాడు, ఎల్లుండి మన సఫాయి అమ్మ నిలబడుతుంది.

మనకే దిక్కు లేదు, వాళ్ళకెందుకు అని మన బస్తీల్లోనే అడుగుతారు. నేను ఆ ప్రశ్నను కోపంగా చూడను. గంటల తరబడి లైనులో నిలబడి మందు లేదని తిరిగొచ్చిన మనిషి అడిగే ప్రశ్న అది. కానీ మందు తక్కువైంది శరణార్థి వచ్చినందుకు కాదు. జీతంలో ఈఎస్ఐ కోసి కార్డు ఇవ్వని కాంట్రాక్టరు శరణార్థి కాదు కదా.

ఇప్పుడు బాబాసాహెబ్ ఉత్తరం. 1947 డిసెంబరులో ఆయన నెహ్రూకు రాశారు. దేశ విభజన అప్పుడు పాకిస్తాన్ నుంచి వచ్చిన షెడ్యూల్డ్ కులాల శరణార్థుల గురించి. పాకిస్తాన్ వాళ్ళను రానివ్వడం లేదు, ఎందుకంటే ఊడ్చే పని, మోసే పని చేసేవాళ్ళు పోతే తమకు కష్టమని. ఎలాగో దాటి వచ్చినవాళ్ళు ఇక్కడి శిబిరాల్లో ఉండలేకపోయారు, ఎందుకంటే శిబిరాల అధికారులు సవర్ణ శరణార్థులను ఒక రకంగా, వీళ్ళను ఒక రకంగా చూశారు. పునరావాస శాఖ నియమమేమో శిబిరంలో ఉన్నవాళ్ళకే రేషను, బట్టలు ఇస్తామంటుంది. కులం వల్ల శిబిరం బయట ఉన్నవాడికి, బయట ఉన్నందుకు తిండి లేదు. దీన్ని సరిచేయమని ఆయన అడిగారు.

సాయానికి ఒక షరతు పెడతారు. ఆ షరతు అందరికీ ఒకటేనని అంటారు. అది ఎవరిని బయట నిలబెడుతుందో చూడమన్నారు బాబాసాహెబ్. 1947లో ఆ షరతు శిబిరం, ఇప్పుడు ఆధార్.

ఆరోగ్య బీమాలో కూడా ఆయన చెయ్యి ఉంది. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. ఆ కాలంలోనే కార్మికుల ఆరోగ్య బీమాపై ప్రొఫెసర్ అదార్కర్ నివేదిక తయారైంది. దాని మీదే 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న మొదట అమలైన రెండు చోట్లలో ఒకటి కాన్పూర్, రెండోది మన ఢిల్లీయే. ఆ చట్టంలో ఉద్యోగి అంటే జీతానికి పనిచేసే ఏ వ్యక్తి అయినా అని ఉంటుంది. కులం, మతం లేవు, పౌరుడు అన్న మాటా లేదు. యజమాని కొంత కడతాడు, కార్మికుడు కొంత కడతాడు. పనిచేసే మనిషికి చికిత్స హక్కు. దయ కాదు.

రాజ్యాంగమూ అలాగే ఉంది. 19వ అధికరణం పౌరులకు. 14, 21 అధికరణాలు వ్యక్తులందరికీ. 1996లో అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు, 21వ అధికరణం పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషినీ కాపాడుతుందని చెప్పింది. అదే ఏడాది బెంగాల్ వ్యవసాయ కార్మికుల సంఘం కేసులో, రైల్లోంచి పడిపోయిన కూలీని కలకత్తా ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపినందుకు, అత్యవసర చికిత్స ఇవ్వకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనంది. ఈ రెండు తీర్పులూ కలిపి చదవండి. ఆ రాత్రి కిటికీ దగ్గర జరిగింది తప్పని తెలుస్తుంది.

అయినా భయం పెరుగుతోంది. ఈ నెలలోనే పార్లమెంటు ఆమోదించిన వలస, విదేశీయుల చట్టంలో, విదేశీయులకు చికిత్స చేసే ఆసుపత్రులు వాళ్ళ వివరాలు అధికారులకు ఇవ్వాలని ఉంది. దీన్ని విన్న తల్లి కాన్పుకి ఆసుపత్రికి వస్తుందా? గుడిసెలోనే కంటుంది. టీబీ ఉన్నవాడు మందు మధ్యలో ఆపేస్తాడు. ఆ దగ్గు బస్తీలో ఎవరి కార్డూ చూసి ఆగదు.

కాబట్టి నేను అడిగేవి మూడు. ఆధార్ లేకపోయినా చీటీ రాయాలని, యూఎన్ కార్డు గుర్తింపుగా చాలని ప్రతి ఆసుపత్రి కిటికీ మీద హిందీలో రాసి పెట్టాలి. ఇది అసాధ్యం కాదు. 2021 మే 6న కేంద్ర ఆరోగ్య శాఖే, గుర్తింపు కార్డు లేనివాళ్ళకు కోవిడ్ టీకా ఎలా వేయాలో పద్ధతి ఇచ్చింది. రోగి వివరాలు పోలీసుల దగ్గరికి కాకుండా ఆసుపత్రిలోనే ఉండాలి. ఆసుపత్రుల్లో పనిచేసే ప్రతి కాంట్రాక్టు కార్మికురాలికి ఈఎస్ఐ కార్డు చేతికి రావాలి. మూడోది మొదటి రెండింటికీ సంబంధం లేనిదని అనుకోకండి.

ఆఖరి మాట. మాది చీరాల దగ్గర. 1985 జులైలో కారంచేడు నుంచి మనవాళ్ళు ప్రాణాలు పట్టుకుని చీరాలకు పరిగెత్తుకొచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మా అమ్మ అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని శిబిరానికి వెళ్తే నేను మంచినీళ్ళ బిందె పట్టుకుని వెనకాల వెళ్ళాను. ఒక ముసలాయన చేతికి కట్టు ఉంది, తనంతట తాను తినలేకపోతున్నాడు. అమ్మ ముద్దలు చేసి పెట్టింది. నీదే ఊరు, నీ కార్డేది అని అమ్మ అడగలేదు. సొంత దేశంలో, సొంత జిల్లాలో మనమే శరణార్థులం అప్పుడు.

వచ్చే ఆదివారం నేను మదన్‌పూర్ ఖాదర్ వెళ్తున్నాను. ఆ పాపకు టీకా వేయించాలి. హిందీ బాగా వచ్చినవాళ్ళు, కిటికీ దగ్గర గట్టిగా మాట్లాడగలిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురు నాతో రండి.

జై భీమ్.