మొదటి వంతు, మొదటి ఊరు

సివిలైజేషన్ అనే కంప్యూటర్ ఆటను సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ 1991లో తెచ్చారు. ఆటగాళ్లు వంతులవారీగా రాజ్యం కట్టుకోవాలి. 2016లో వచ్చిన ఆరో సివిలైజేషన్‌లో ఆరంభాన చేతిలో ఉండేది ఒక వలస బృందం, ఒక యోధుడు. అంతే.

ఉన్నచోటే ఊరు కట్టాలా, నాలుగడుగులు వేసి చూడాలా? వెంటనే కట్టడమే మేలు. ఊరు లేని వంతులో తిండి చేరదు, పని సాగదు, విద్య పెరగదు. నీళ్ల కోసమైతే మాత్రం ఒకటి రెండు వంతులు పోయినా నష్టం లేదు. మంచినీటి పక్కన వెలిసిన ఊరికి నివాస వసతి 5, సముద్రపు ఒడ్డున 3, నీరు లేనిచోట 2.

నీళ్లుంటేనే ఊరన్న ఈ లెక్క కాకతీయులకు బాగా తెలుసు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించినదే. అక్కడి శాసనంలో కాకతీయుల వంశావళి ఉంది. భూపాలపల్లి జిల్లా గణపురంలో గణపసముద్రం చెరువు, కోటగుళ్ల ఆలయాలు ఒకే ఊరివి. జనగామ మెట్టల్లోనూ వాన నీటిని కట్ట వేసి ఆపి సేద్యం చేసేవారు.

ఆటలో భారత్‌ను ఎంచుకుంటే నీటిపారుదల విద్య వచ్చాక దిగుడుబావులు కట్టుకోవచ్చు. చెరువు కట్టే వీలు లేకపోవడం మనవాళ్లకు కాస్త వెలితే!

ఊరు వెలిశాక ముందుగా ఏం తయారుచేయాలి? చాలామంది అన్వేషకుడినే పంపుతారు. అతనికి 30 పాళ్ల పని చాలు, కొత్త వలస బృందానికి 80 కావాలి. పైగా ఆ బృందం బయల్దేరితే ఊరి జనాభాలో ఒకటి తగ్గుతుంది. అన్వేషకుడు మరో రాజ్యం జాడ కనిపెడితే లిపి విద్య త్వరగా పట్టుబడుతుంది.