జాతి గడిలో నేమి వ్రాయవలెను?

(వాచనాలయమున జరిగిన సాయంకాల సభలో నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



ఆదివారములయందు మేము కొందర మీ వాచనాలయపు వసారాలో కూర్చుండి, చదువురానివారికి దరఖాస్తులు పూర్తిచేసి యిచ్చుచుందుమని మీ రెరుగుదురు. ఇటీవల నొక వృద్ధుడు అమెరికాలో నున్న కుమారుని చూడబోవుటకై వీసా కాగితములు తెచ్చెను. "తాతగారూ, మీ జాతి యేమని వ్రాయుదుము?" అని యడిగితిమి. ఆయన తన కులము పేరు చెప్పెను. ప్రక్కనున్న విద్యార్థి "తెలుగుజాతి యనుడు" అనెను. మేము "భారతీయుడు" అని వ్రాసితిమి. ముగ్గురిలో నెవరు తప్పు చెప్పిరి? ఎవరును కాదు. మన భాషలో నీ యొక్క మాటయే కులమునకును, ఒక భాషవారికిని, దేశప్రజ కంతటికిని చెల్లుచున్నది. పశుపక్ష్యాదుల సంగతి చెప్పనే యక్కరలేదు.

మాట యొక్కటే యైనచో చిక్కు నిఘంటుకారులది. ఆ మాట న్యాయస్థానపు గడప దాటినప్పుడు బ్రదుకులు తారుమారగును. దీనికి దృష్టాంతముగా నొక వ్యాజ్యమును మీ ముందుంచెదము. ప్లీడరు నోట కథ యన్నను వ్యాజ్యమే గదా!

1790లో అమెరికావారొక శాసనము చేసిరి. పరదేశమునుండి వచ్చినవారిలో "స్వతంత్రులైన తెల్లవారు" మాత్రమే పౌరులు కాదగుదురని దాని తాత్పర్యము. 1870లో ఆఫ్రికా సంతతివారిని గూడ చేర్చిరి. ఆసియావాసుల ఊసు లేదు. తెల్లవా డనగా నెవడో శాసనము చెప్పలేదు. చెప్పు పని న్యాయాధిపతులపై బడెను.

భగత్ సింగ్ థిండ్ అను పంజాబు సిక్కు యువకుడు 1913లో నా దేశమునకు పోయెను. మొదటి మహాయుద్ధకాలమున అమెరికా సైన్యమున చేరి సార్జంటు పదవి పొందెను. 1918 డిసెంబరులో సైనికదుస్తులతోనే పౌరసత్వపత్రము నందుకొనెను. నాలుగు దినములలో దానిని లాగికొనిరి. 1920లో ఆరిగన్ రాష్ట్రమునందలి ఫెడరల్ న్యాయస్థానము మరల నిచ్చెను. ప్రభుత్వము పై న్యాయస్థానమునకు పోయెను.

ఇంతలో నొక జపానీయుని వ్యాజ్యము తీరెను. టకావో ఒజావా యిరువది యేండ్లుగా అమెరికా గడ్డపై నున్నవాడు. ఇంట నాంగ్లమే మాటలాడువాడు. 1922 నవంబరులో సుప్రీం కోర్టు, చర్మపు రంగు ప్రమాణము కాదనియు, తెల్లవా డనగా కాకేసియను జాతివా డనియు, జపానీయు డట్టివాడు కాడనియు తీర్పు చెప్పెను. థిండ్ పక్షమువారు సంతసించిరి. పంజాబీలు కాకేసియనులే యని యానాటి పండితుల గ్రంథములే చెప్పుచుండెను. ఇక తడవేమి?

1923 ఫిబ్రవరి 19వ తేదీన తీర్పు వచ్చెను. ఒజావా తీర్పు వ్రాసిన సదర్లండు న్యాయమూర్తియే దీనిని వ్రాసెను. తెల్లవాడను మాటకు శాస్త్రజ్ఞుల యర్థముతో పనిలేదట. సామాన్యజను డేమనుకొనునో యదియే యర్థమట! జపానీయుని త్రోసివేయుటకు శాస్త్రము పనికివచ్చెను. పంజాబీని త్రోసివేయవలసి వచ్చునప్పటికి అదే శాస్త్రము పనికిరాకపోయెను. నడుమ గడచినవి మూడు నెలలు. ఆ న్యాయమూర్తియు ఇంగ్లండున పుట్టి పసితనమున అమెరికా చేరినవాడే.

ఆ కాకేసియను అను పేరు మాత్ర మెక్కడిది? జర్మను పండితుడు బ్లూమెన్‌బాఖ్ 1795లో, జార్జియా దేశపు స్త్రీ కపాల మొకటి తన కందముగా తోచినందున, అచ్చటి పర్వతముల పేరు ఐరోపీయుల కెల్ల తగిలించెను. ఒక కపాలపు సొగసు కోట్లమందికి వంశనామ మయ్యెను.

ఇంతవరకు కోపించుట సుళువు. మమ్ము బాధించునది తీర్పు కాదు, థిండ్ పక్షపు వాదము. తాను శుద్ధార్యుడననియు అగ్రకులజుడననియు నాతడు చెప్పుకొనెను. మీరు నల్లవారితో వియ్యమందనట్లే మా యగ్రకులములవారు మా దేశపు మూలవాసులతో వియ్యమంద రని న్యాయస్థానమునకు నచ్చజెప్పజూచిరి. కులభేదమును గురువులు ఖండించిన మతమున పుట్టినవా డీ మాట పలికించెను! గీత యన్యాయ మనలేదు. నన్ను గీతకు ఆవల గాక ఈవల నిలుపుడని వేడెను.

మేము ధర్మపన్నములు పలుకుట లేదు. ఆ వకాల్తా మా చేతికి వచ్చియున్నచో మేమును అట్లే వ్రాసియుందుమేమో! శాసన మట్లున్నది, కక్షిదారుని గట్టెక్కింపవలెను. కాని యొక్కమా రాలోచింపుడు. ఆ వాదము నెగ్గియున్నచో అదే యోడలో దిగిన మన పంచముని గతి యేమి? మన వాదమే వానికి తలుపు మూసియుండును. అంతయేల, మన తెలుగువారి గతి యేమి? 1816లో మదరాసున ఎల్లిస్ దొర, కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికాభాగమున, దక్షిణభాషలు సంస్కృతమునుండి పుట్టినవి కావని నిరూపించెను. అది భాషలను గూర్చిన మాట. తరువాతివారు దానినే రక్తమును గూర్చిన మాటగా మార్చి ఆర్యులని, ద్రావిడులని గోడ లేపిరి. ఆర్యశబ్దము భాషకే గాని దేహలక్షణములకు వర్తింపదని ఆ తీర్పులో సదర్లండే చెప్పియున్నాడు. ఆ యొక్కవాక్యము మాత్రము మాకు సమ్మతము.

పిమ్మట జరిగినది త్వరగా చెప్పెదము. లోగడ పౌరులైన భారతీయులపై ప్రభుత్వము వ్యాజ్యములు వేసి పత్రములు రద్దుచేయించెను. పౌరులు కాదగనివారికి భూమిపై హక్కు లేదను శాసనము కాలిఫోర్నియాలో నుండుటచే మన రైతులు పొలములను పరుల పేర వ్రాయవలసివచ్చెను. వైష్ణోదాస్ బగాయ్ అను వర్తకుడు బ్రిటిషు ప్రజాత్వమును వదలుకొని అమెరికా పౌరుడైనవాడు. అదియు పోగా ఏ దేశమువాడును కాకపోయెను. 1928లో ప్రాణత్యాగము చేసికొనెను. థిండ్ 1936లో, పాతసైనికుల కొరకైన వేరొక శాసనముచే, మూడవమారు పౌరుడయ్యెను. 1946లో భారతీయులకు తలుపు కొంచెము తెరచిరి: ఏటికి నూరుగురు.

జనాభాలెక్కల వింత యింకొకటి కలదు. 1920 మొదలు 1940 వరకు అమెరికా లెక్కలలో మనవారి జాతి "హిందూ". సిక్కైనను మహమ్మదీయుడైనను హిందువే. 1970లో వారినే తెల్లవారిలో కలిపిరి. 1980లో "ఏషియన్ ఇండియన్" అను క్రొత్తగడి గీచిరి. ఒక్క మనుష్యుడు కదలక మెదలక తన యింట కూర్చుండియే మూడు జాతుల వాడయ్యెను.

నేడు లక్షలకొలది తెలుగువా రా దేశమున నున్నారు. ఆ వృద్ధుని మనుమ డచ్చట పుట్టినవాడు, అచ్చటి పౌరుడు. కుటుంబవివరములలో వాని పేరు వ్రాసి, ఎదుట "అమెరికా" అని వ్రాసితిమి. తాత దానికి తలయూపెను.

"అది సరే బాబూ, వాని కులము వ్రాయు గడి యెక్కడ?" అనెను.

ఆ గడి యీ కాగితమున లేదంటిమి. ఆయనకు నమ్మకము కుదురలేదు. కాగితము చేతిలోనికి తీసికొని, వెనుకకు త్రిప్పి చూచెను.