చూపు తగ్గినా ముగ్గు ఆగొద్దు: పెద్దవాళ్లకు ఫోన్‌లో బొమ్మలు ఎలా?

దంతాలపల్లి నుంచి ఇంకో ఎపిసోడ్. ఈరోజు టాపిక్, చూపు మందగించిన మన నాయినమ్మలు, తాతలు ఫోన్‌లో బొమ్మలు గీయాలంటే మనం ఏం సెట్ చేసి ఇవ్వాలి?

ముందు ఒకటి క్లియర్ చేసుకుందాం. మన రాష్ట్రంలో కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మొదలైంది. రెండో విడత 2023 జనవరిలో వచ్చింది. ఊళ్లల్లో చాలామందికి అద్దాలు అందాయి. అయితే అద్దాలు పెట్టుకున్నా, వైద్యం చేయించినా ఇంకా మసకగానే ఉంటే దాన్ని లో విజన్ అంటారు. లెక్క ప్రకారం 6/18 కన్నా తక్కువ. అంటే మామూలు చూపున్నవాళ్లు 18 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని వీళ్లు 6 మీటర్ల దగ్గరికొచ్చినా చదవలేరు. శుక్లం అయితే ఆపరేషన్‌తో చూపు వస్తుంది. నీటికాసులతో పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. అందుకే ముందు డాక్టర్, తర్వాతే ఫోన్.

ఇక గీయడానికి ఏం ఇవ్వాలి? రంగులు నింపే యాప్‌లు వద్దు. వాటిలో సన్నటి బూడిద గీతలు, లేత రంగులు. ముగ్గు ఇవ్వండి. సాన్పి చల్లిన వాకిలి ముదురుగా ఉంటుంది, దాని మీద తెల్లటి ముగ్గు. ఇంజనీర్లు కాంట్రాస్ట్ అనేది ఇదే! వెబ్ ప్రమాణాల్లో బొమ్మకీ వెనక రంగుకీ కనీసం 3:1 తేడా ఉండాలంటారు. నలుపు మీద తెలుపు 21:1. తెలుపు మీద పసుపు సుమారు 1:1, అంటే ఉన్నా లేనట్టే. పైగా చుక్కలు కలిపే వరస ఆమె చేతికి ఎప్పుడో వచ్చేసింది.

సెట్టింగ్ ఇలా పెట్టండి. డ్రాయింగ్ యాప్‌లో నల్ల కాన్వాస్, తెల్ల బ్రష్, బాగా లావు గీత. చుక్కలు మీరే పెద్దగా, దూరం దూరంగా పెట్టి ఇవ్వండి. ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీలో మాగ్నిఫికేషన్ ఉంటుంది. దానికి మూడుసార్లు తట్టే షార్ట్‌కట్ పెట్టకండి. ఆమె గబగబా చుక్కలు పెడుతుంటే స్క్రీన్ ఒక్కసారిగా పెద్దదైపోతుంది. బటన్ షార్ట్‌కట్ పెట్టండి. టాక్‌బ్యాక్ మెనూలు చదివి వినిపిస్తుంది, కానీ అది ఆన్‌లో ఉంటే వేలు కదిలినప్పుడు గీత పడదు, ఫోన్ మాట్లాడుతుంది. గీసేటప్పుడు ఆపేయండి. ఫోన్ కంటే ట్యాబ్ మేలు. గీసింది టీవీలో పెట్టి దగ్గర కూర్చోబెట్టి చూపిస్తే ఇంకా మేలు. వెలుతురు వెనక నుంచి రావాలి, కానీ స్క్రీన్ మీద మెరవకూడదు.

ఇంకో ముఖ్యమైన మాట. గీత వంకర పోయిందని చెయ్యి పట్టుకుని మనం గీయొద్దు. అప్పుడది మన ముగ్గు అవుతుంది. అన్‌డూ బటన్ ఎక్కడుందో ఒక్కటి చూపించండి. మూలన ఉంటే వేలితో తడిమి పట్టుకుంటారు.

ఎందుకింత శ్రమ అంటారా? కళ్లు కనిపించట్లేదనగానే ఇంట్లో ఒక్కో పనీ వాళ్ల చేతిలోంచి తీసేస్తాం. నువ్వు కూర్చో, మేం చేస్తాంలే అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ ఏళ్ల తరబడి వాకిలి దిద్దిన మనిషికి చెయ్యడానికి ఏమీ మిగలదు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తగ్గినవాళ్లకు ప్రత్యేకంగా పునరావాస సేవలున్నాయి. ఉన్న చూపుతో బతుకు సాగించడం అక్కడ నేర్పిస్తారు. వెళ్లగలిగితే తీసుకెళ్లండి.

ఈ ఆదివారం ఒక్క అరగంట కేటాయించండి. ఐదు చుక్కల ముగ్గుతో మొదలుపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!