గరిమెళ్లవారి పాటలో నొక చరణము



పద్యమునకు గణములు సరిచూచుట, యతి తప్పినచో నెఱ్ఱగీత గీయుట నా జీవితమున నేను చేసిన పని. విజయనగర సంస్కృత కళాశాలలో చదువుకొని, శ్రీకాకుళము విజయనగరము జిల్లాల పాఠశాలలలో ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనుగా నుండి విశ్రాంతి పొందితిని. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన సీమలో పుట్టియు ఈ గ్రాంథికమును విడువలేకున్నానని నా శిష్యులు నన్ను పరిహసింతురు. అలవాటు పోదు, ఏమి చేయుదును? కాని నేడు మీకు చెప్పదలచినది వాడుకమాటలతో కట్టిన యొక పాటను గూర్చి. అది గరిమెళ్ల సత్యనారాయణగారి 'మాకొద్దీ తెల్లదొరతనము'.

సత్యనారాయణగారు 1893లో నరసన్నపేట ప్రాంతమునందలి గోనెపాడులో పుట్టిరి. అప్పటికి శ్రీకాకుళము జిల్లా యేర్పడలేదు. ఆ ప్రాంతము గంజాము జిల్లాలో నుండెను. ఆయన పట్టభద్రులై కొంతకాలము గంజాము కలెక్టరు కచేరీలో గుమాస్తాగా నుండిరి. పిదప విజయనగరమున నున్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండిరి. ఆ విధమున మా వృత్తివారే. 1920లో సహాయనిరాకరణోద్యమము రాగా, నెలజీతపు త్రోవను విడిచి ఉద్యమములో దిగిరి. పాట పుట్టినది ఆ దినములలోనే.

దాని బలమెక్కడ నున్నదో కొంచెము విచారింతము. నావంటివాడు ఆ భావమును చెప్పవలసి వచ్చినచో 'ఈ పాలనము మాకు వలదు' అని యుండును. 'వలదు' అను మాట విందులో రెండవమారు పాయసము వడ్డింపరాగా మర్యాదగా చేయి యడ్డుపెట్టుటకు చాలును; దొరతనమును త్రోసివేయుటకు చాలదు. 'మాకొద్దు' అనునది కంచము నవతలకు నెట్టు పిల్లవాని మాట. ఎద్దులసంతలో బేరము కుదరక కండువా దులుపుకొని లేచు రైతు మాట. దానికి మారుమాట లేదు. మాకు, వద్దు, ఈ – మూడు మాటలును కలిసి యొక్క ఊపిరిలో వెడలును. నడుమనున్న వకారము జారిపోవును. తుది దీర్ఘముమీద గొంతు నిలుచును. నిలిపినకొలది బలము హెచ్చును. ఒక్కడు పాడి కూర్చుండుటకు గాక, వెనుక పదిమంది యందుకొనుటకై కట్టిన పల్లవి యది. చరణములయందు కోపముకంటె గోడు ఎక్కువ. 'అండీ' యని వినువారిని మన్నించుచు, అరుగుమీద కూర్చుండి కష్టసుఖములు చెప్పుకొన్నట్లు కవి చెప్పుకొనిపోవును. మొర మాత్రము దొరకు గాదు, దేవునికి. దొరమీద దేవునికి ఫిర్యాదు చేయుచున్న వానిని ఏ చట్టము క్రింద నాపవలెనో ఆనాటి యధికారులకు తోచుట కష్టమై యుండును. అయినను తోచినది.

చరణములలో ఉప్పు మాట వచ్చును. గాంధీమహాత్ముడు దండికి నడచినది 1930లో. ఈ పాట యంతకు ఎనిమిది తొమ్మిదేండ్లకు ముందే పుట్టినది. మా తీరపువారికి ఇది వింతగా తోపదు. నౌపడ ఉప్పుమడుల మీదుగా పోవు రైలులో కూర్చుండి చూచినవారికి తెలియును – కన్నుమేర తెల్లని రాసులు. సముద్రమిచ్చినది, ఎండ పండించినది. దానిని తాకినచో నేరము. ఈ సీమలో పెరిగిన కవికి ఆ బాధ పుస్తకములనుండి తెలిసినది కాదు.

ఇక వ్యాప్తి. మదరాసులో ఆకాశవాణి కేంద్రము 1938లో వెలసెను. పాట యంతకు పదునారు పదునేడేండ్లు పెద్దది. యంత్రము మోయని పాటను మనుష్యులు మోసిరి. కవియే వీథులలో నిలిచి పాడెను. 1922లో ఆయనకు ఏడాది కారాగారము విధించిరి. విడుదలయై వచ్చి మరల నదే పాట పాడగా, ఈ మారు రెండున్నరయేండ్లు కఠినశిక్ష. కారాగారములో నుండగా తండ్రి గతించెను. క్షమాపణ చెప్పినచో విడుతుమనిరి. ఆయన చెప్పలేదు. ఇక్కడ నేను ఆయనను పొగడబోను. చెప్పలేదను మాటయే చాలును.

తరువాతి కథ విచారకరమైనది. మదరాసు చేరి పత్రికలలో పనిచేసిరి. 'గృహలక్ష్మి'లో కొంతకాలము, 'ఆనందవాణి'లో కొంతకాలము. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను దారిద్ర్యము వదలలేదు. 1952 డిసెంబరు 18వ తేదీన మరణించిరి. ఫ్రెంచివారి జాతీయగీతమును 1792లో కట్టిన రుజే ద లీల్ అను సైనికోద్యోగియు పేదయై పోయెను. ఆయన యస్థికలను 1915లో మహావైభవముతో పారిసుకు కొనిపోయిరి. పాట ఊరేగును, పాట కట్టినవాడు అప్పులవాండ్ల కంటపడకుండ సందులలో నడచును. ఇది ఒక్క తెలుగుదేశపు వాడుకయే కాదు కాబోలు.

ఇంతవరకు చెప్పినది మీలో పెక్కుమందికి తెలిసినదే. తెలియనిది నా సంగతి.

1997లో స్వాతంత్ర్యపు స్వర్ణోత్సవములు జరిగినవి. నరసన్నపేటకు సమీపమున నొక పాఠశాలలో బాలబాలికలకు గానపు పోటీ పెట్టి, మువ్వురు పరీక్షకులలో నన్నొకనిగా పిలిచిరి. ఒక పిల్లవాడు గజేంద్రమోక్షమునుండి పద్యములు చదివెను. ఎక్కడను తడబడలేదు, పదింటికి తొమ్మిది వేసితిని. పిదప నొక బాలిక లేచినది. పదియేండ్లో పదునొకండో యుండును. 'మాకొద్దీ' యని యెత్తుకొన్నది. రెండు చరణములతో నాపునని తలచితిని. ఆపలేదు. వసారాలో నిలిచియున్న ఊరివారు పల్లవి యందుకొనిరి. అది పోటీ నియమమునకు విరుద్ధమని నేను బల్లమీద చేతితో తట్టితిని, ఎవ్వరును వినలేదు. నాలుగవదో అయిదవదో చరణము నేను పుస్తకములో చూచినది కాదు. ఉప్పుకావడి మోయువానిని గూర్చినది. పాఠ్యమును చెడగొట్టినదని నా కాగితముమీద వ్రాసికొని నాలుగు మార్కులు వేసితిని. బహుమతి పద్యముల పిల్లవానికి పోయెను.

సభ ముగిసిన తరువాత ఆ పిల్ల నా కుర్చీ యొద్దకు వచ్చి, "మాస్టారండీ, నాను ఎక్కడ తప్పినానండి?" అని యడిగెను. ఉప్పుకావడి చరణము పుస్తకములో లేదంటిని. "మా తాత అలాగే పాడతాడండి" అనినది. తాత పాడినంతమాత్రమున ప్రమాణము కాదని సమాధానము చెప్పి, అరటిపండ్లు, ఫలహారము పుచ్చుకొని బస్సెక్కితిని.

బస్సు మడపాము దగ్గఱ వంశధార వంతెనమీదికి వచ్చునప్పటికి నాకు తిరగలి చప్పుడు వినబడినట్లయ్యెను. మా అమ్మమ్మ చోళ్లు విసరుచు కూనిరాగము తీయుచుండెడిది. నేనామె ప్రక్కన చాపమీద పడుకొని వినుచుండెడివాడను. తిరగలి పిడి యొక చుట్టు తిరిగి వచ్చునప్పటికి పల్లవి వచ్చెడిది. ఆమె పాటలో ఉప్పుకావడి యుండెను. నేను ఆరేడేండ్ల వయసున విన్నదానిని, అమరము, శబ్దమంజరి, ఆంధ్రనామసంగ్రహము పైన పేర్చి పేర్చి అడుగున పూడ్చివేసితిని. ఆ పిల్ల దానిని త్రవ్వి నా చేతికిచ్చినది. నేను నాలుగు మార్కులు వేసి త్రిప్పిపంపితిని.

అది గరిమెళ్లవారు కట్టిన చరణమా, ఊరివారు చేర్చినదా యని మీరడుగవచ్చును. మా ప్రాంతమున జముకుల కథ చెప్పువారిని, తప్పెటగుళ్లవారిని వినిన వారెఱుగుదురు: పాట చేతులు మారినకొలది చరణములు పెరుగుచుండును. పల్లవి గట్టిగా నిలిచియున్నచో చరణము లెన్నియైన వచ్చి చేరును. ఏ ఊరి కష్టము ఆ ఊరివారు తెచ్చి దానికి కట్టుదురు. కవి పేరు మఱచినవారు సైతము పాటను మఱవకుండుటకు అదియే కారణమని నేనిప్పుడనుకొందును. పండితుడు దానిని పాఠభేద మనును. తిరగలి దగ్గఱ కూర్చున్నవారికి అది వారి పాటయే. నేడు పంద్రాగస్టు పండుగలలో మన పిల్లలు పల్లవి, తరువాత రెండు చరణములు పాడి దిగిపోవుచున్నారు. తక్కిన చరణములలో నున్నది మన యూళ్ల బ్రదుకు. దానిని విడిచి పల్లవిని మాత్రము పట్టుకొన్నచో, ఒద్దన్నది దేనినో తెలియకుండ ఒద్దని పాడినట్లగును.

మరుసటి వారమే నేనా యూరు వెళ్లితిని. కుటుంబమంతయు విజయవాడ వైపు తాపీపనికి వలసపోయినదనిరి. తాతయు వారితోడనే వెళ్లెను. నాకు మిగిలినది చరణములో సగము: కావడివాడు సంతకు బయలుదేరుట జ్ఞప్తి యున్నది; వానికి త్రోవలో నెవరెదురైరో, కావడి యేమైనదో జ్ఞప్తి లేదు. మా అమ్మమ్మ పోయి చాల యేండ్లయినది. ఉద్దానము ఊళ్లలోను, పొందూరు నేతగాండ్ర వాడలలోను ముసలివారిని అడిగి చూచితిని. పల్లవి అందఱకు వచ్చును.

వినుచున్నవారిలో ఎవరి యింటనైన ఆ ఉప్పుకావడి చరణము పాడువారున్నచో, ఈ ఆకాశవాణి కేంద్రమునకు నా పేర నొక కార్డు వ్రాయుడు. వాడుకలో నెట్లున్నదో అట్లే వ్రాయుడు, నేను దిద్దను. ఆ బాలికకు ఇప్పుడు నలువదియేండ్లకు దగ్గఱగా నుండును. ఆమె వినుచున్నచో ముందుగా ఆమెయే వ్రాయవలెను.

సెలవు.